ముందు అది కొలిమి

చాలా ఏళ్ల కిందట డిగ్రీ తరగతిలో ఒక కథ చెబుతున్నాను. కథలో ఒక ఇంటి పెరట్లో పాము కనిపిస్తుంది. అప్పటికి నాకు తెలిసిన పాఠం ఒక్కటే. పామంటే పగ, పామంటే ద్రోహం. బోర్డు మీద 'పాము' అని రాసి, పక్కన బాణం గుర్తు గీసి, 'ద్రోహం' అని రాశాను. పిల్లలంతా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. చివరి బెంచీలో ఇంద్రవెల్లి వైపు నుంచి వచ్చిన గోండు పిల్లవాడు ఒకడు పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాడు. ఎందుకు రాయడం లేదని అడిగితే లేచి నిలబడి మెల్లగా అన్నాడు: "మా దిక్కు పాము దేవుడు సార్. నాగోబా. ద్రోహమని నేనెట్ల రాయాలె?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. బోర్డు తుడిచేసి, పాఠం రేపు చెప్పుకుందామన్నాను. ఈ అధ్యాయం రాయడానికి మూలం ఆ పిల్లవాడి ప్రశ్నే. సాహిత్యంలో ప్రతీకలను ఎలా గుర్తుపట్టాలి, వాటికి అర్థం ఎలా చెప్పుకోవాలి అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను మొదట కేస్లాపూర్ గురించి చెబుతాను.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఉన్న ఊరది. ఏటా పుష్య అమావాస్యకు అక్కడ నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండా నడిచి, జన్నారం వైపు గోదావరిలో ఉన్న హస్తినమడుగు దాకా వెళ్లి, అక్కడి నీళ్లు తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను ఆ జాతరలోనే దేవుడి ముందుకు తీసుకెళ్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఆ కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని వస్తారు.

ఇప్పుడొక వాక్యం ఊహించండి. "తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి పామున్న గుడి వైపు నడిచింది." నా బోర్డు మీది బాణం గుర్తులతో చదివితే ఇందులో వైధవ్యం ఉంది, చావు ఉంది, ద్రోహం ఉంది. కేస్లాపూర్‌లో నిలబడి చదివితే కొత్త కాపురం ఉంది, పెద్దల దీవెన ఉంది. వాక్యం ఒక్కటే. చదివే మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి అర్థం తలకిందులైంది.

అందుకే ప్రతీకలకు నిఘంటువు ఉంటుందనే నమ్మకాన్ని ముందు వదులుకోవాలి. గులాబీ అంటే ప్రేమ, చీకటి అంటే అజ్ఞానం, ముళ్లు అంటే కష్టాలు అని గైడు పుస్తకాల్లో పట్టికలుంటాయి. పరీక్షలో నాలుగు మార్కులకు అవి పనికొస్తాయేమో గానీ, కథను చదవడానికి పనికిరావు. పైగా హాని చేస్తాయి. ఎందుకంటే ఆ పట్టిక చేతిలో ఉన్న పాఠకుడు కథలోకి వెళ్లకముందే జవాబు తెచ్చుకుంటాడు.

మరి పట్టిక లేకపోతే ఏం పట్టుకుని చదవాలి? నేను పట్టుకున్నది ఒక్క మాటే. కథలో కనిపించే వస్తువు ముందు వస్తువు. దాని పనేమిటో, అది ఎవరి చేతిలో ఉంటుందో, ఏ కాలంలో బయటికి వస్తుందో తెలుసుకోండి. అర్థం ఆ పనిలోంచే పుడుతుంది.

మన పాత ఆలంకారికులకు ఈ సంగతి బాగా తెలుసు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' రాశాడు. మాటకు మూడు శక్తులున్నాయని ఆ సంప్రదాయం చెబుతుంది: అభిధ, లక్షణ, వ్యంజన. వాళ్లు గంగ మీది పల్లె ఉదాహరణ ఇస్తారు. మనకు గోదావరి ఉండగా గంగ దాకా వెళ్లనక్కరలేదు. "ధర్మపురి గోదావరి మీద ఉంది" అంటాం కదా. మాటకు మాటగా తీసుకుంటే ఊరు నీళ్ల మీద తేలుతోందని. అది కుదరదు. అదే అభిధ ఆగిపోయే చోటు. కాబట్టి ఒడ్డున ఉందని సర్దుకుంటాం. అది లక్షణ. అయితే "ఒడ్డున" అని నేరుగా అనొచ్చు కదా, "మీద" అని ఎందుకన్నాం? ఆ ఊరి గాలిలో చల్లదనం ఉందని, నది ఆ ఊరిలో కలిసిపోయి ఉందని, స్నానాల రేవూ నరసింహస్వామి గుడీ ఒకే బతుకులో భాగమని ఆ "మీద" మనకు తెలియకుండానే చెప్పేసింది. అది వ్యంజన. ప్రతీక పనిచేసేది ఈ మూడో అంతస్తులో.

ఒక తల్లి దుబాయి పోతున్న కొడుకుతో "మనది గోదారి మీది ఊరు బిడ్డా" అన్నదనుకోండి. ఆమె భూగోళం చెప్పడం లేదు. ఏం చెబుతోంది? తప్పుడు పని చెయ్యకు అంటోందా? ఇక్కడ నీకు నీళ్లకు కరువు లేదు, తిరిగి రా అంటోందా? రెండూనా? మీకు రెండు మూడు అర్థాలు ఒకేసారి తోచి, దేన్నీ వదల్లేకపోతుంటే మీరు ప్రతీక దగ్గరికి వచ్చారన్న మాట. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. ఆ అర్థాలన్నీ నిలబడింది నిజంగా ఒక ఊరు, నిజంగా ఒక నది ఉన్నందువల్ల. కింద నేల లేకుండా మూడో అంతస్తు లేదు.

ఉపమ, రూపకం, ప్రతీక అని మూడింటినీ కలిపేసే అలవాటు చాలామందికి ఉంది. "వాడు నిప్పులాంటివాడు" ఉపమ. "వాడు నిప్పు" రూపకం. ఈ రెండింటిలో పోలికను రచయితే చెప్పేస్తాడు. ప్రతీకలో చెప్పడు. ఒక కథలో ఇంటి పొయ్యి ఆరిపోతుంది, పక్కింటికి నిప్పుకు వెళ్తారు, అక్కడ ఇవ్వరు. రచయిత నిప్పునే చూపించి పక్కకు తప్పుకున్నాడు. కడుపులో కలుక్కుమన్నది మీకు.

దీనికి పక్కనే మరో రెండున్నాయి. ఒకటి లాంఛనం, అంటే గుర్తు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో, సుమారు 945 ప్రాంతంలో, జినవల్లభుడు అక్కడి బండ మీద శాసనం చెక్కించాడు. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి కాబట్టి ఆ గుట్ట మన సాహిత్య చరిత్రలో పెద్ద చోటు సంపాదించుకుంది. అదే బండ మీద జైన శిల్పాలున్నాయి. చేతుల్లో చక్రాలు చూసి పండితులు చక్రేశ్వరి అని గుర్తుపడతారు. తీర్థంకరుల్లో ఎద్దు ఉంటే ఋషభనాథుడు, పాము ఉంటే పార్శ్వనాథుడు, సింహం ఉంటే మహావీరుడు. ఇవి తెలిస్తే తెలిసినట్టు, తెలియకపోతే ఎంత ఆలోచించినా తట్టవు. లాంఛనానికి పట్టిక ఉంటుంది, ఉండాలి కూడా. పార్శ్వనాథుడి తలపైన పడగ విప్పిన పామును చూసినప్పుడల్లా నాకు తరగతిలో లేచి నిలబడ్డ పిల్లవాడు గుర్తొస్తాడు. అక్కడా పాము కాపాడేదే.

రెండోది అన్యాపదేశం. జినవల్లభుడి అన్న పంపకవి వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉండి, కన్నడంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. చెప్పింది భారత కథే. కానీ అందులో అర్జునుడు అరికేసరి. అర్జునుడి పరాక్రమాన్ని చదువుతున్న సభకు ఎదురుగా సింహాసనం మీద ఎవరున్నారో తెలుసు. ఇక్కడ ఒక తాళానికి ఒక చెవి. ఆ చెవి దొరికితే తలుపు తెరుచుకుంటుంది. ప్రతీకకు అలాంటి ఒంటి చెవి ఉండదు. అర్జునుడంటే అరికేసరి అని చెప్పి ముగించవచ్చు గానీ, గోదావరి అంటే ఫలానా అని చెప్పి ముగించలేం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. మంథని ప్రాంతంలో పుట్టిన అల్లం రాజయ్య నవల 'కొలిమి అంటుకున్నది'. 1979 నాటిది. కరీంనగర్ జిల్లా రైతులూ కూలీలూ దొరల మీద తిరగబడ్డ కాలం దాని నేపథ్యం. కొలిమి ఉద్యమానికి ప్రతీక అని ఎవరైనా చెబుతారు. అది తప్పు కాదు. కానీ అక్కడితో ఆగితే పుస్తకం పేరు మీకు ఇవ్వగలిగిన దాంట్లో పదో వంతు కూడా అందదు. కాబట్టి కాసేపు ఉద్యమాన్ని పక్కన పెట్టండి. ముందు అది కొలిమి.

మా ఊళ్లో మిరుగం (మృగశిర కార్తె) ముందు కమ్మరి కొలిమి దగ్గర తిరునాళ్లలా ఉండేది. వాన పడకముందే నాగలి కర్రు సరిచేయించుకోవాలి. ఒక్కొక్కరూ కర్రు భుజాన వేసుకుని వచ్చి, తమ వంతు కోసం చింతచెట్టు కింద కూర్చునేవారు. ఒకరు తిత్తి ఊదాలి. ఒకరు ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి మీద పట్టుకోవాలి. మరొకరు సమ్మెట వేయాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. వంతు కోసం కూర్చున్నవాళ్లు ఊరకే ఉండరు. ఎవరి భూమి ఎవరు కలుపుకున్నారు, వెట్టికి ఎవరిని పిలిచారు, పాలేరు జీతం ఎంత తెగింది, అన్నీ ఆ చెట్టు కిందే మాట్లాడుకుంటారు. సాయంత్రం కమ్మరి నిప్పును పూర్తిగా ఆర్పడు. బొగ్గుల మీద బూడిద కప్పుతాడు. పొద్దున బూడిద తీసి తిత్తి నాలుగుసార్లు ఊదితే మళ్లీ రాజుకుంటుంది. అక్కడ తయారయ్యే వస్తువుల సంగతీ చూడండి. ఆ ఇనుమే కర్రు అవుతుంది, కొడవలి అవుతుంది, గొడ్డలీ అవుతుంది.

ఇప్పుడు పుస్తకం పేరు దగ్గరికి మళ్లీ రండి. నేనేమీ కల్పించనక్కరలేదు. నలుగురు చేరే చోటు, నలుగురి చేతులు పడితే తప్ప సాగని పని, బూడిద కింద దాగి ఉండే నిప్పు, దున్నే పనిముట్టూ నరికే పనిముట్టూ ఒకే మంటలో పుట్టడం, ఇవన్నీ కొలిమి తనంతట తాను తెచ్చిచ్చింది. ఇంకొకటి క్రియాపదంలో ఉంది. "అంటించారు" అనలేదు, "అంటుకున్నది" అన్నాడు. ఎవరో ఒక వీరుడు వచ్చి నిప్పు పెట్టాడని కాదు. రాజుకోవలసిన వేళ వచ్చింది, రాజుకుంది. తెలుగులో ఈ రెండు క్రియల మధ్య ఉన్న తేడా ఒక రాజకీయ సిద్ధాంతమంత పెద్దది. అందుకే ప్రతీకను చదివేటప్పుడు నామవాచకం దగ్గరే ఆగిపోవద్దని పదే పదే చెబుతాను. వస్తువు ఏం చేసింది, దానికి ఏం జరిగింది, అదంతా క్రియలో ఉంటుంది.

కొలిమి ఎన్నడూ చూడని పాఠకుడు ఏం చేయాలి? అడగాలి. ఇప్పటి పిల్లల్లో చాలామంది తిత్తి చూసి ఉండరు. ఇంట్లో తాతను అడగండి, ఊళ్లో మిగిలిన కమ్మరిని అడగండి. సాహిత్యం చదవడానికి ఇదొక అర్హత అని నేను నమ్ముతాను. విమర్శ గ్రంథాలు పది చదివినవాడికంటే, ఒక పూట కొలిమి దగ్గర కూర్చున్నవాడు ఆ పేరును బాగా చదువుతాడు.

ఋతువుతో ముడిపడ్డ వస్తువులూ అంతే. "దారి పక్కన తంగేడు విరగబూసింది" అని కథలో ఒక్క వాక్యం వస్తే, తెలియనివాడికి అది పసుపు పచ్చని పువ్వు, ప్రకృతి వర్ణన. మనకు అది బతుకమ్మ నెల. అంటే ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే నెల. ఆ వాక్యం తర్వాత ఒక తల్లి గడపలో కూర్చుని దారి వైపు చూస్తుంటే, ఆమె ఎవరి కోసం చూస్తోందో రచయిత చెప్పక్కరలేదు. బిడ్డ రాకపోతే, ఆ తంగేడు కథంతా పూసే ఉంటుంది.

రంగుల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ మొదటి సంపుటి 'ఎర్ర పావురాలు'. 1978లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. పావురం అనగానే శాంతి అని చదువుకున్నవాళ్లందరికీ నోటికి వస్తుంది. 1949లో పారిస్‌లో జరిగిన శాంతి మహాసభ కోసం పికాసో పావురం బొమ్మ ఇచ్చిన తర్వాత ఆ అర్థం లోకమంతా పాకింది. అది తెల్ల పావురం. కవి దానికి ఎర్ర రంగు వేశాడు. ఇప్పుడేం చేస్తారు? ఎరుపు అంటే విప్లవం, పావురం అంటే శాంతి, కాబట్టి విప్లవంతో వచ్చే శాంతి అని కూడిక వేసేస్తారా? కూడిక తప్పు కాదు, తొందర తప్పు. గాయపడ్డ పావురమూ ఎర్రగానే ఉంటుంది. పొద్దు పొడిచేటప్పుడు ఎగిరే తెల్ల పావురమూ ఎర్రగా కనిపిస్తుంది. నెత్తురా, జెండానా, తెల్లవారడమా? లోపలి కవితలు చదివేదాకా మూడింటినీ చేతిలో పట్టుకుని ఉండండి. చదివిన తర్వాత కూడా ఒకటి మిగిలి, రెండు పోవలసిన పని లేదు.

ప్రభాకర్ పుస్తకాల పేర్లు వరసగా రాసుకుని చూడండి: 'ఎర్ర పావురాలు', 'మంటల జెండాలు', 'చురకలు', 'రక్తరేఖ', 'సంక్షోభ గీతం', 'సిటీ లైఫ్'. ఎరుపూ మంటా ఒక వరసలో నడిచి, చివరి రెండు పేర్లకు వచ్చేసరికి ఆ రంగు కనిపించదు. ఒక రచయితలో పదే పదే వచ్చేదాన్ని గుర్తుపట్టడం ఎంత అవసరమో, వస్తూ వస్తూ ఉన్నది ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపట్టడమూ అంతే అవసరం.

ఆయన ఫోటోగ్రాఫరు. జగిత్యాలలో, కరీంనగర్‌లో, ఆ తర్వాత హైదరాబాద్‌లో స్టూడియోలు పెట్టుకుని బతికాడు. ఆ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు కడిగే చీకటి గదిలో ఎర్ర బల్బు ఒక్కటే వెలిగేది. ఎరుపు వెలుతురులో తెల్ల కాగితం మీద మెల్లగా మనిషి ముఖం తేలడం రోజూ చూసిన కళ్లవి. ఆయన ఎరుపులో ఆ గది కూడా ఉందా? నాకు ఉందనిపిస్తుంది. కానీ ఇది నా ఊహ. ఊహకు కవితలోంచి సాక్ష్యం దొరికితే నిలబెట్టుకోవాలి. దొరకకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యాలి. నేను ఇప్పటికి ఆ ఊహను నోటుబుక్కు మార్జిన్‌లోనే ఉంచుకున్నాను, వ్యాసంలోకి తేలేదు.

పెద్ద నవలల్లో ప్రతీకను పట్టుకోవడానికి మరో దారి ఉంది. అది ఎక్కడెక్కడ మారుతోందో చూడటం. విశ్వనాథ సత్యనారాయణ కృష్ణా జిల్లావాడైనా 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. అంతకు పాతికేళ్ల ముందే 'వేయిపడగలు' రాశాడు. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చాడు. సుబ్బన్నపేట అనే ఊరిని కాచే వెయ్యి పడగల సర్పం ఆ నవలకు గుండె. కాలం మారుతున్న కొద్దీ పడగలు తరిగిపోయి, చివరికి రెండే మిగలడాన్ని దాంపత్య ధర్మం ఒక్కటి నిలవడంగా చదువుకుంటూ వచ్చారు. ఆ నవల దేని కోసం దుఃఖించిందో దానితో నేను అన్ని చోట్లా ఏకీభవించను. కానీ ప్రతీకను లెక్కపెట్టగలిగేలా చేసిన పని చూడండి. పడగ ఒక్కటి తగ్గినప్పుడల్లా ఊళ్లో ఏం పోయిందని అడగాలనిపిస్తుంది. కథ మొదట్లో వస్తువు ఏ రూపంలో ఉంది, చివర్లో ఏ రూపంలో ఉంది, ఆ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టండి. సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

లేకపోవడం కూడా ప్రతీకే కావచ్చు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 1980లో ప్రచురించిన 'విశ్వంభర' కావ్యంలో నాయకుడికి పేరు లేదు. మనిషి, అంతే. ఆ కావ్యానికి పేరుతో పని లేదు. దాని వేదిక భూమి మొత్తం.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక తప్పదు. ప్రతీకలు వెతకడం అలవాటైన పాఠకుడికి కథలో మనుషులు కనిపించడం మానేస్తారు. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చిన పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' నవలలో ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం ఉంది. ఆ ఎలుగును వదిలించుకోవలసిన రోజు వస్తుంది. ఎలుగు దేనికి ప్రతీక అని నన్ను చాలామంది అడిగారు. సంచార జీవితానికా, అడవికా, పోతున్న వృత్తికా? అడగండి, తప్పులేదు. కానీ ముందు ఆ ఎలుగుకు ఆకలవుతుంది. దానికి తన మనిషి వాసన తెలుసు. దాని బాధకు మీ గొంతు పట్టుకోకముందే అది దేనికి ప్రతీకో చెప్పేశారంటే మీరు నవలను దాటేశారు, చదవలేదు. వస్తువుగా, ప్రాణిగా నిలబడనిది ప్రతీకగానూ నిలబడదు.

అతిగా చదువుతున్నామా లేదా అని తేల్చుకోవడానికి నేనొక పని చేస్తాను. ఆ వస్తువును కథలోంచి తీసేసి, దాని చోట మరొకటి పెట్టి చూస్తాను. హీరో ఎర్ర చొక్కా వేసుకుని బస్సెక్కాడు. ఎర్ర చొక్కా తీసి నీలం చొక్కా తొడిగితే కథకు ఏమీ కాలేదా? అయితే అది చొక్కా మాత్రమే. 'కొలిమి అంటుకున్నది' అన్న చోట 'పొయ్యి అంటుకున్నది' అని పెట్టి చూడండి. నిప్పు అదే, కానీ నవల ఊరి నడుమ నుంచి వంటింట్లోకి పోయింది.

ఇక మీ వంతు. ఒక చిన్న కథ ఇస్తున్నాను. ఈ అధ్యాయం కోసం రాసిందే. ఒకసారి చదివి, పెన్ను ముట్టుకోకుండా రెండోసారి చదవండి.

"తాత బాయి పని నుంచి దిగిపోయిన నాడు, అరిగిపోయిందని మూలకు పడేసిన చెమ్మస్ ఒకటి అడిగి తెచ్చుకుని తలుపు వెనక నిలబెట్టాడు. ఆయన పోయి మూడేళ్లయింది. పాత ఇనుప సామాన్లు కొనేవాడు గల్లీలోకి వచ్చినప్పుడల్లా కొడుకు 'అమ్ముదామా అవ్వా' అంటాడు. అవ్వ పలకదు. ఒకరోజు కోడలు చెమ్మస్‌తో పొయ్యిలో బూడిద తియ్యబోతే, అవ్వ దాన్ని ఆమె చేతిలోంచి గుంజుకుని మళ్లీ తలుపు వెనక పెట్టింది. వానకాలం మొదట్లో మనవరాలు బడి నుంచి మల్లె అంటు తెచ్చింది. గడ్డపార దొరకలేదు. అవ్వ లేచి చెమ్మస్ తీసుకుని వాకిట్లో గుంత తోడింది. పైకి వచ్చిన మన్ను ఎర్రగా ఉంది. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. సాయంత్రం కోడలు చెమ్మస్‌ను కడిగి, తలుపు వెనక పెట్టింది."

ముందు వస్తువు. గోదావరిఖని, మందమర్రి వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తిపోసే పార. తట్టా చెమ్మస్ అంటే సింగరేణి బాయిల్లో బొగ్గు నింపే కార్మికుడి బతుకంతా అందులోనే వచ్చేస్తుంది. యంత్రాలు వచ్చాక ఆ పని తగ్గింది. కాబట్టి కథ మొదలయ్యేసరికే ఆ చెమ్మస్‌కు బాయిలోనూ పని లేదు, ఇంట్లోనూ పని లేదు. అయినా నిలబడి ఉంది.

తర్వాత క్రియలు. తెచ్చుకున్నాడు, నిలబెట్టాడు, పలకదు, గుంజుకుంది, తోడింది, చూసింది, కడిగింది. వీటిని మాత్రమే ఒక వరసలో రాసుకోండి. చెమ్మస్‌ను అమ్మకానికి పెట్టబోతే అవ్వ పలకలేదు, బూడిదకు వాడబోతే లాక్కుంది. మరి మల్లె అంటుకు తనే ఎందుకు తీసింది? బూడిదకూ మల్లెకూ తేడా ఏమిటి? ఒకటి కాలిపోయినదాన్ని బయట పారేసే పని. ఒకటి భూమిలో పెట్టే పని. తాత జీవితాంతం భూమిలోంచి తీశాడు, ఎన్నడూ భూమిలో పెట్టలేదు. ఇదంతా కథలో ఎక్కడా రాసి లేదు. కానీ కథ దీన్ని కాదనడం లేదు కూడా.

ఎర్ర మన్ను సంగతి? ఇక్కడ తొందరపడకండి. పైన 'ఎర్ర పావురాలు' దగ్గర చెప్పింది గుర్తు చేసుకుని, ఇక్కడి ఎరుపు దానికంటే వేరని గమనించండి. ఇక్కడ ఎరుపు పక్కన నిలబడ్డది నలుపు. బాయిలో ఉన్నన్నాళ్లూ ఆ చెమ్మస్ మీదికి నల్లదే వచ్చింది. ఇప్పుడు వేరే రంగు వచ్చింది. అవ్వ చూసింది ఆ తేడానేమో. మార్చి చూసే పరీక్ష ఇక్కడా పెట్టండి. మన్ను నల్లరేగడి అయి ఉంటే ఆమె అంతసేపు చూసేదా?

ఒక్కటి నేను ముట్టుకోకుండా వదిలేశాను. ఒకరోజు బూడిదకు చెమ్మస్ తీయబోతే ఏ కోడలి చేతిలోంచి అవ్వ గుంజుకుందో, ఆ కోడలే మల్లె నాటిన సాయంత్రం దాన్ని కడిగింది. కడిగి వాకిట్లో గోడకు ఆనించలేదు, పనిముట్ల మూలలో పెట్టలేదు. తలుపు వెనకే పెట్టింది. నోటుబుక్కు తీసి, ఆమె ఎందుకలా చేసిందో రాయండి.